ఊబికి సీమంతం

ఫోను కాస్త దగ్గరగా పెట్టు అమ్మలూ, ఫ్యాను చప్పుడుకి నా గొంతు పడదు. మీ కాలేజీ పిల్లలు అడిగిందేమిటి? "మీ నానమ్మ చేపల ఆఫీసులో అన్నేళ్లు పనిచేసింది కదా, ఏం చేసేది?" అనే కదా? ఎక్కువగా పడవెక్కేది, పడవ దిగేది, టీ తాగేది, మళ్లీ పడవెక్కేది అని చెప్పు. మధ్యలో ఒకసారి మాత్రం ఒక ఊబికి సీమంతం జరుగుతుంటే దగ్గరుండి చూసింది. ఆ సంగతే చెప్తాను. మిగతాదంతా టీయే.

అప్పటికి నా రిటైర్మెంటు దగ్గరపడింది. మిన్నీ బే ఇంట్లో మీ తాతకి వండిపెట్టి, డెలానీపూర్‌లో ఆఫీసుకెళ్లి, ఫైళ్లు సర్దుకుంటూ హాయిగా దిగిపోదామనుకున్నాను. అప్పుడే కొత్తగా వచ్చిన మా సాహబ్ పిలిచాడు. బీహార్ కుర్రాడు. మంచివాడే, సముద్రమంటే కొంచెం భయం.

"దీదీ, ఆప్ తెలుగు హైఁ న? వో బస్తీవాలే భీ తెలుగు హైఁ. ఆప్ కీ బాత్ సునేంగే" అన్నాడు.

భాష ఒకటైతే మాట వింటారని ఆయన నమ్మకం. ఆయనకి అప్పటికింకా పెళ్లి కాలేదులే.

ఆయన నన్ను పంపిన ఆ ఊరికి బస్సెక్కి, ఫెర్రీ దాటి, మళ్లీ చిన్న డుంగీ పడవలో వెళ్లాలి. అందరూ మనలాంటి వాళ్లే, శ్రీకాకుళం ఒడ్డు నుంచీ, విశాఖ ఒడ్డు నుంచీ సముద్రం దాటి ఈ దీవులకొచ్చి వేట మీద స్థిరపడ్డవాళ్లు. ముందు సముద్రం, వెనక కొండ. కొండకీ ఇళ్లకీ మధ్య ఈ ఊబి. దల్దల్ అనేవాళ్లు కుర్రాళ్లు. ఏళ్ల తరబడి ఆకులు రాలి, కుళ్లి, నల్లగా పేరుకుపోయిన నేల. కాలు పెడితే మోకాలిదాకా దిగిపోతుంది, తీస్తే చెప్పు ఉండదు. దాని మీద నీళ్లు పాలు పోయని టీ రంగులో ఉంటాయి. చుట్టూ మొగలి పొదలు, అడవి చెట్లు. చూస్తే పనికిమాలిన చోటులా ఉంటుంది. కానీ కొరమేను, మార్పు, మట్టగిడస లాంటి చేపలన్నీ అందులోనే పుట్టేవి. మన దీవుల్లో తప్ప ఎక్కడా కనిపించని గోధుమరంగు అడవి బాతులు కూడా ఆ పొదల్లోనే పిల్లల్ని చేసేవి.

చిక్కెక్కడంటే, వానలు పడగానే సముద్రం రేగుతుంది, పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. ఇక ఇంట్లో కూరంటే ఊబి చేపే. సరిగ్గా ఆ రోజుల్లోనే చేపలు నిండా గుడ్లతో ఉంటాయి. కొండమీది కొత్తనీరు దిగగానే గడ్డిలోకి ఎగబాకుతాయి. వాటిని పట్టడానికి వల కూడా అక్కర్లేదు, చీర కొంగు చాలు. అలా తల్లుల్నే పట్టి తింటూ పోతే ఏడాదికేడాది చేప తగ్గిపోయింది. ఇంకొన్ని వానలు ఇలాగే గడిస్తే ఊబిలో కప్పలే మిగిలేవి. వానాకాలం కంచంలో ఏమీ ఉండేది కాదు. పిల్లలు ఎదిగేదాకా ఊబి జోలికి పోకుండా ఊరే ఒప్పుకోవాలి, ఊరే కాపలా కాయాలి. నా పని వాళ్లని ఒప్పించడం.

పోస్టర్లు పట్టుకుని మీటింగు పెట్టాను. బొమ్మలు బాగున్నాయన్నారు. ఒకతను లేచి, "మేడమ్‌జీ, వానల్లో మేం ఏటి తినాల, మీ పోస్టర్లా? ఉప్పూ కారం ఏసుకుంటే బాగుంటాయేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? టీ ఇచ్చారు, తాగాను.

నేను దిగింది ఎండుచేపలు అమ్మే ఒక పెద్దమ్మ ఇంట్లో. ఊళ్లో ఆడవాళ్లందరికీ ఆవిడ మాటే మాట. గొంతు ఒడ్డున మొదలైతే జెట్టీ దాకా వినపడేది. వానలు ఇంకో వారంలో వస్తాయనగా ఒక పొద్దున్న ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని కొరమేను కోసింది. కడుపు నిండా గుడ్లు. పీట మీదికి జారిపడ్డాయి. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఓలమ్మా" అంది. "కడుపుతో ఉన్నదాన్ని కోసీసినాను."

నేనేమీ అనలేదు. మీటింగులో చెప్పినదంతా ఆ పీట మీదే ఉంది.

కత్తిపీట పక్కకి నెట్టి, "మేడమ్‌జీ, మన్లో కడుపుతో ఉన్న పిల్లని ఎవులైనా ఇబ్బంది పెడతారేటి?" అనడిగింది.

"పెట్టరు."

"అయితే సీమంతం సేసీద్దాం."

"ఎవరికి?"

"ఎవులికేటి? ఊబికే. సీమంతమైన ఇంటికి వల పట్టుకుని ఏ మగోడెల్తాడో సూద్దాం. ఎల్తే ఆడి పెళ్లామే మొకం మీద ఊస్తాది."

ఎక్కడైనా విన్నావా అమ్మలూ? నేను నోరు తెరుచుకుని కూర్చున్నాను. సాయంత్రానికి ఊరంతా అదే మాట. చేపల గురించి ఒక్కడూ వాదించలేదు. వాదనంతా అత్తిల్లు ఎవరు, పుట్టిల్లు ఎవరు అన్న దాని మీదే! "మా గుమ్మంలో ఉంది కాబట్టి అది మా కోడలే" అని పెద్దమ్మ తేల్చేసింది. మరి పుట్టిల్లు? నీళ్లు కొండ నుంచి వస్తాయి కాబట్టి కొండే అన్నారు కొందరు. "కొండ సారె తెత్తాదేటి?" అంది పెద్దమ్మ.

అప్పుడు లేచాడు షావుకారు. ఆ ఊళ్లో ఉన్న ఒక్క పెద్ద కొట్టూ ఆయనదే. బియ్యం, డీజిలు, తాళ్లు అన్నీ అక్కడే. వేట లేని రోజుల్లో బియ్యం పప్పు ఊరికి అందుతుంటాయని ఆయన భరోసా ఇస్తేనే ఊబి మూయడం కుదురుతుంది. కోపిష్టి మనిషి. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించి, "నాకు ముగ్గురూ మగపిల్లలే. ఇంకా పెళ్లిళ్లు అవనేదు. ఓ ఆడపిల్లకి సారె ఎట్టే యోగం నాకు దేవుడివ్వనేదు. దానికి పుట్టింటోణ్ణి నానే. వానలెళ్లేదాకా ఊరికి బియ్యం పప్పు నాదే పూచీ" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు.

పెద్దమ్మే అంది, "అయితే నువ్వు నాకు వియ్యంకుడివి. ఇకనించి కాస్త మర్యాదగా మాటాడు."

"ముందు నువ్వు నేర్చుకో వియ్యపురాలా, నాను నేర్చుకుంటాను."

గాజులు కొనడానికి నేను పట్నం వచ్చి అబర్డీన్ బజార్ వెళ్లాను. కొట్లో అమ్మాయి, "ఎన్నో నెల దీదీ? చెయ్యి ఎంత లావుంటుంది?" అనడిగింది. "మొగలి వేరంత" అన్నాను. కోడల్ని తిట్టుకుంటున్నాననుకుంది కాబోలు, సర్దుకోమన్నట్టు నా భుజం తట్టింది.

సీమంతం రోజు చూడాలి! ఆడవాళ్లంతా పట్టుచీరలు కట్టి, బురదంటకుండా మోకాళ్లదాకా దోపుకుని గట్టు మీద నిలబడ్డారు. మొగలి ఊడలకి పసుపు రాసి, బొట్లు పెట్టి, గాజులు దారాలతో కట్టారు. అవి బురదలో పడి ఎవరి కాలైనా కోస్తాయేమోనని నేను వెనకాలే తిరిగి ముళ్లు బిగించాను. పాటలు పాడారు. అత్తగారిని ఆడిపోసుకునే పాటలన్నీ పెద్దమ్మ మొహం మీదే పాడారు. మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చి పసుపునీళ్లలో చెయ్యి ముంచి, పిల్లలు ఎదిగేదాకా ఊబిలో వల దించబోమని అన్నారు. పోస్టర్ల కూర అడిగినతను కూడా అన్నాడు.

అప్పుడు డప్పులు వినపడ్డాయి. షావుకారు కొత్త పంచె కట్టుకుని ముందు నడుస్తున్నాడు. వెనక కావిళ్లలో అరిసెలు, సున్నుండలు, కాజాలు, చలిమిడి. వాటి వెనక తోపుడుబండి మీద పూలదండ వేసిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ము.

"ఊరికే మిఠాయిలేనేటి? నా కూతురికి బంగారంలాంటి జంట తెచ్చినాను!" అంటూ, ఎవరూ చూసేలోపే డ్రమ్ము ఒంచేశాడు.

రెండు చేపలు. ఒక్కొక్కటి నా చెయ్యంత పొడుగు. బల్లపరుపు తల, పొడుగాటి మీసాలు. నీళ్లలో పడ్డాయి, తోక ఒకసారి కొట్టాయి, మాయమైపోయాయి. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నేను మాత్రం అవి మునిగిన చోటే చూస్తూ గట్టు అంచుకి వెళ్లాను.

అవి పెంపకం మాగూర్లు, అమ్మలూ. బయటిదేశం నుంచి వచ్చిన రకం. మన మార్పు చేపలాగే ఉంటుంది కానీ దానికి ఆకలి తీరడమంటే తెలియదు. గుడ్లు, చేపపిల్లలు, కప్పలు, ఆఖరికి బాతుపిల్ల దొరికినా మింగేస్తుంది. పెంచొద్దని సర్కారే ఆపేసింది. పాపం ఆయనకి అదేమీ తెలియదు. కొట్టు వెనక చిన్న చెరువులో మిగిలిన అన్నం పెట్టి ముద్దుగా పెంచుకున్నాడు. తన దగ్గరున్న వాటిలో గొప్పవి ఏరి తెచ్చాడు.

కావిళ్లు ఖాళీ అయ్యాక పెద్దమ్మని పక్కకి పిలిచి చెప్పాను. మొదట పకపకా నవ్వింది. "కోడలికి సారెలో రాకాసి వచ్చిందేటి!" అంది. తర్వాత ఊబి వైపు చూసి నవ్వు ఆపేసింది.

ఇద్దరం వెళ్లి షావుకారుకి చెప్పాం. ఆయన మొహం ఎర్రబడింది. "ఎట్టిన సారె ఎనక్కి తీసుకున్న పుట్టింటోణ్ణి ఎక్కడైనా సూసినారా? ఆ పిల్లకి మంచిదేనా? ఓ రెండు సేపలు ఊరంత ఊబిని తినేత్తాయేటి?" అన్నాడు. ఇంకో మాటంటే ఆయన సంబంధం తెంచుకునేలా ఉన్నాడు. సంబంధం తెగితే బియ్యం ఆగుతుంది. బియ్యం ఆగితే ఊరంతా మళ్లీ వలలతో దిగుతుంది.

పోనీ ఆయనకి తెలియకుండా వలేసి తీయించేద్దామా అంటే వేటగాళ్లు ఒప్పుకోలేదు. పోస్టర్లాయనే అన్నాడు, "పసుపునీళ్లలో సెయ్యెట్టి సెప్పీసినాం. ఇప్పుడు నువ్వే వల దించమంటావేటి మేడమ్‌జీ? ఇయ్యాల నీకో సాకు, రేపు నాకో సాకు, ఎల్లుండి మా బావమరిదికో సాకు." నా పాఠం నాకే అప్పజెప్పాడు.

వానలు మొదలయ్యాయి. వాన కాస్త ఆగినప్పుడల్లా ఆడవాళ్లు గట్టు మీదికొచ్చి కోడలిని చూసిపోయేవాళ్లు. షావుకారు కూడా రోజూ కొట్టు తీయకముందే గొడుగేసుకుని వచ్చేవాడు. ఒక పొద్దున్న గట్టు పక్కనే నీళ్లలో కుంకుమ కలిపినట్టు కనపడింది. కొరమేను పిల్లలు. పుట్టిన కొత్తలో ఎర్రగా ఉంటాయి, అన్నీ ఒకే ముద్దగా కదులుతాయి, తల్లి కిందే కాపలా తిరుగుతుంది. ఊరంతా వచ్చి చూసింది. కిందటేడు ఆ గుడ్లు వేయించుకు తిన్నవాళ్లే, "గట్టిగా అరవకండర్రా, జడుసుకుంటాయి" అని ఒకళ్లనొకళ్లు కసురుకున్నారు.

కొద్దిరోజులకే ఆ ఎరుపు పలచబడింది. ఇంకో పొద్దున్నకి అసలు లేదు. తల్లి కొరమేను ఒక్కతే అక్కడే తిరుగుతోంది. మేం చూస్తుండగానే దాని పక్కన నీళ్లు మెలితిరిగాయి, పొడుగాటి మీసాలు పైకొచ్చి మునిగిపోయాయి. షావుకారు మమ్మల్ని దాటుకుని వెళ్లి, పట్టపగలు కొట్టు షట్టరు దించేశాడు.

పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి ఆ షట్టరు దడదడా బాదింది. సగం ఎత్తాడు. ఒంగి లోపలికి దూరాం. బియ్యం బస్తా మీద కూర్చునున్నాడు.

"నా సెయ్యి మంచిది కాదు వియ్యపురాలా. ఆడపిల్ల నేనోడివి, నీకెందుకురా సారె అని దేవుడే అన్నాడు."

"నీ సెయ్యికేటైంది? తప్పు అత్తింటోళ్లది. సారె వచ్చినాక ఏటి సెయ్యాల?"

"ఏటి సెయ్యాల?"

పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆడపిల్ల ఉంటే తెలిసేది నీకు. పంచాలయ్యా! ఇంటింటికీ ఎల్లి, పుట్టింటోళ్ల పేరు సెప్పి పంచాల. అరిసెలు పంచినాం, సున్నుండలు పంచినాం. ఆ జంటని పంచకుండా ఇంట్లో అట్టీపెట్టీసినాం. సారె దాసుకున్న ఇంటికి మంచి జరుగుద్దేటి?"

ఆయన తలెత్తాడు. "పంచడమంటే... పట్టీసి?"

"పట్టీసి, కూరొండి, ఇంటింటికీ."

"నా పేరు సెప్పి?"

"మరి నా పేరు సెప్తానేటి? ఎట్టింది నువ్వైతే!"

ఆయన బస్తా మీంచి లేచాడు. అంతలోనే, "వల దించేది నేదన్నాం కదా" అని ఆగాడు.

"వలెందుకు? గాలాలేద్దాం. ఊరంతా గట్టు మీదుండగా, పట్టపగలే. ఏరే సేప పడితే వదిలీడం. జంట దొరికినాక గాలాలన్నీ నా ఇంట్లో పెట్టీడం." పెద్దమ్మ నా వైపు తిరిగింది. "ఏటి మేడమ్‌జీ, సరేనా?"

సరే కాక ఏమంటాను! ఆ మాట వేటగాళ్లకి చెప్తే పోస్టర్లాయనకి కూడా సాకు దొరకలేదు.

మర్నాడు షావుకారే కొట్లో గాలాలన్నీ తెచ్చి ఊరికి పంచాడు. కోడి పేగులు ఎర. ఆ వాసన నీకు చెప్పను, నువ్వు భోంచేశావో లేదో. ఎవరికి ఏ చేప పడినా పెద్దమ్మే పరుగెత్తుకొచ్చి చూసేది. "నువ్వు కాదమ్మా, నువ్వు కాదు, ఎల్లు తల్లీ" అని కొరమేనుకి క్షమాపణ చెప్పి వదిలేయించేది.

సరిగ్గా అప్పుడే, చెప్పా పెట్టకుండా, మా సాహబ్ డుంగీలోంచి దిగాడు. మూసేసిన ఊబి ఎలా ఉందో చూద్దామని వచ్చాడు. చూస్తే చుట్టూ ఊరు ఊరంతా గాలాలేసుకుని నిలబడుంది.

"దీదీ!" అన్నాడు. "యే బంద్ హై, యా మేలా హై?"

మూతా, తిరనాళ్లా అని అడిగితే ఏం చెప్పను? ఉన్నదున్నట్టు చెప్పేశాను, ఏ చేపో, ఎలా వచ్చిందో. సర్కారు ఆపిన చేప అనగానే షావుకారు మొహం వాడిపోయింది. అయినా వెనక్కి పోలేదు. ముందుకొచ్చి, తప్పు తనదేనని చేతులు జోడించాడు.

"సాబ్, గల్తీ మేరా హై. బేటీ కే లియే లాయా థా."

"బేటీ? కహాఁ హై బేటీ?"

ఆ కూతురెక్కడని అడిగితే షావుకారు ఊబి వైపు చెయ్యి చూపించాడు.

సాహబ్ ఊబిని చూశాడు. మొగలి ఊడలకి వేలాడే గాజుల్ని చూశాడు. మెల్లగా, "గోద్ భరాయీ?" అన్నాడు. వాళ్ల వైపు సీమంతాన్ని అలా అంటారు. ఔనన్నాను. ఇంకేమీ అడగలేదు. బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, "ఏక్ కాంటా ముఝే భీ దో" అని గాలం అడిగి తీసుకున్నాడు. ఆయనకి పడింది ఒక చెట్టువేరు. రెండోసారి కూడా అదే వేరు.

మొదటి మాగూర్ పెద్దమ్మకి పడింది. "రాయే, అత్తింటికి రా!" అంటూ లాగేసింది. రెండోది పడింది షావుకారుకే. లాగితే అది ఇటు రాలేదు, ఆయనే అటెళ్లాడు. నడుందాకా బురదలో దిగిపోయి, గాలం వదిలేసి, చేపని రెండు చేతులా వాటేసుకుని, "వదల్ను! ఇది నా సారె!" అని కేకలు. ఊరంతా తాడేసి లాగారు. మనిషి, చేప కలిసి వచ్చారు. మనిషేదో చేపేదో కడిగితే తప్ప తెలియలేదు. సాహబ్ గట్టు మీద కూలబడి నవ్వుతున్నాడు. అప్పటిదాకా ఆయన నవ్వడం నేను చూడలేదు.

ఆ సాయంత్రం చింతపులుసు పోసి పెద్ద గిన్నెలో కూర వండారు. పెద్దమ్మ గిన్నె పట్టుకుని ముందు, చెవుల్లో బురద ఇంకా ఉన్న షావుకారు వెనక. ప్రతి గుమ్మంలోనూ, "కోడలి పుట్టింటోళ్ల సారె! షావుకారు ఎట్టింది!" అని ఆవిడ అరవడం, ఆయన మెడ నిగిడించుకుని నిలబడడం. కూర రుచి అడగకు. రబ్బరు నమిలినట్టుంది. అందరూ బాగుందన్నారు. సాహబ్ మాత్రం నిజంగానే రెండోసారి వేయించుకున్నాడు. కొట్టు వెనక చెరువులో మిగిలిన మాగూర్లు కూడా ఆ వారంలోనే కూరైపోయాయి. ఆ చెరువు పూడ్చేసి షావుకారు మునగచెట్టు నాటాడు.

చేపల ఉద్యోగానికొచ్చే పిల్లలు ఎవరైనా ఇది వింటుంటే, మంచి పోస్టర్లు వేసుకోండి, వద్దనను. కానీ ఊళ్లోకి వెళ్లాక ఎవరింట్లోనైనా కత్తిపీట పక్కన కూర్చుని, కాసేపు నోరు మూసుకోండి. నాకు అది నేర్చుకోవడానికి ఉద్యోగమంతా పట్టింది. ఇప్పుడు చూశావుగా, మళ్లీ మర్చిపోయాను.

ఆఖరి ముక్క చెప్పేస్తాను. జోరువానలు కాస్త తెరిపిచ్చిన ఒక పొద్దున్న నేను గట్టు మీదికి వెళ్లేసరికి పెద్దమ్మ అక్కడే ఉంది. నోటి మీద వేలేసుకుని చూపించింది. నీళ్లలో మళ్లీ ఎరుపు, కిందటిసారి కంటే పెద్ద ముద్ద. కింద తల్లి. అవతలి పొదల్లోంచి అడవి బాతు ఒకటి పిల్లల్ని వరసగా ఈదించుకుంటూ పోతోంది.

నేను సాహబ్‌కి ఫోను చేద్దామని తీశాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆఫీసుకి తర్వాత. ముందు పుట్టింటికి కబురెల్లాల."

కబురు వెళ్లింది. తల్లీ పిల్లలూ క్షేమమని. కొట్టు అలాగే వదిలేసి, ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, చంకలో మిఠాయి డబ్బాతో పరుగెత్తుకొచ్చాడు షావుకారు. గట్టెక్కే ముందు చెప్పులు విప్పాడు. గొంతుకూర్చుని ఒంగి చూశాడు, చాలాసేపు.

"ఎంతమందే?" అనడిగాడు గుసగుసగా.

"లెక్కెట్టకు. దిష్టి తగుల్తాది."

తలూపాడు. ఇంకా అలాగే చూస్తున్నాడు. ఇంతలో వెనక దారిలో కుర్రాళ్లు కొందరు పెద్ద స్పీకరు మోసుకుని, పాటలు హోరెత్తిస్తూ జెట్టీ వైపు పోతున్నారు. ఆయన గిరుక్కున తిరిగాడు.

"ఒరే! ఆ పాటలాపండ్రా!" అన్నాడు, అరవకుండా అరుస్తూ. "బాలింతున్న ఇల్లు!"